జనవరిలో వచ్చే కవరు: పాత బేస్‌బాల్‌లో జీతాల బేరం ఎలా నడిచేది

గుంటూరు, బెజవాడల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు, చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలను ఓ ఆదివారం బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. గ్యాలరీలో కూర్చున్న పెద్దాయన ముందు అడిగేది రూల్స్ గురించి కాదు. "వీడికి ఏడాదికి ఎంతిస్తార్రా?" అంటాడు. జవాబు కోట్లలో వస్తుంది. ఆయన నోరెళ్లబెడతాడు. అయితే ఆ కోట్లు ఆటతో పాటు పుట్టినవి కావు. 1976 దాకా, అంటే దాదాపు వందేళ్లు, దేశం మొత్తానికి పేరు తెలిసిన ఆటగాడు కూడా జీతం దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఎందుకలాగ? బేరం జరిగే ఆ గదిలో ఏం నడిచేది?

ఐపీఎల్ తెలిసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. అక్కడ మెగా వేలం ముందు ఫ్రాంచైజీ కొద్దిమందినే రిటెయిన్ చేసుకోగలదు, మిగతావాళ్లు వేలానికి వెళ్తారు. 2008 తొలి వేలంలో ధోనీ 15 లక్షల డాలర్లు పలికాడంటే, ఒకరికి మించి పాడుకున్నారు కాబట్టి. ఇప్పుడు వేలం అనేదే తీసేయండి. ప్రతి జట్టూ తన ఆటగాళ్లందరినీ, ప్రతి ఏడూ, వాళ్లు రిటైరయ్యేదాకా రిటెయిన్ చేసుకోవచ్చనుకోండి. ఎంతకి చేసుకోవాలన్నదీ జట్టే రాస్తుందనుకోండి. పాత బేస్‌బాల్ అదే.

దాని పేరు రిజర్వ్ క్లాజు. 1879 సెప్టెంబరులో నేషనల్ లీగ్ యజమానులు బఫలోలో కూర్చుని, జట్టుకి ఐదుగురి చొప్పున పేర్లు రాసుకున్నారు. నీ ఐదుగురి జోలికి నేను రాను, నా ఐదుగురి జోలికి నువ్వు రావద్దు. అంతే ఒప్పందం. ఖర్చుల్లో పెద్ద వాటా జీతాలదే, జీతాలు పెరిగేది పక్క జట్టు పిలవడం వల్లే, కాబట్టి ఆ పిలుపు ఆపేస్తే చాలని లెక్క. తమాషా ఏమిటంటే మొదట్లో ఆ ఐదుగురిలో పేరుండటం గౌరవం. వచ్చే ఏడు ఉద్యోగం ఖాయమని అర్థం. ఆ ఐదు 1883కల్లా పదకొండయింది, ఇంకో నాలుగైదేళ్లలో జట్టు జట్టంతా అందులోకి వచ్చేసింది. అప్పటికి గౌరవం పోయి గొలుసు మిగిలింది. 1888 చివర యజమానులు ఇంకో అడుగు వేసి, ఆటగాళ్లని ఎ నుంచి ఇ దాకా తరగతులు చేసి 2,500 డాలర్ల నుంచి 1,500 దాకా జీతాలు గీసేశారు. తరగతి నిర్ణయించడంలో మైదానం బయట నడవడి కూడా లెక్కే. దానికి మండిపడి జాన్ మాంట్‌గొమెరీ వార్డ్ నాయకత్వంలో ఆటగాళ్లు 1890లో సొంత లీగే పెట్టుకున్నారు. ఒక్క ఏడాదే నిలిచింది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఈ గొలుసంతా ఆటగాడి కాంట్రాక్టులో 10(ఎ) అనే ఒక పేరాలో ఇమిడింది. అది పనిచేసే తీరు ఇది. చలికాలంలో క్లబ్బు ఆటగాడి ఇంటికి పోస్టులో కాంట్రాక్టు పంపుతుంది. జీతం అంకె వేసే ఉంటుంది, సంతకం చోటు ఖాళీ. మార్చి 1 లోపు ఇద్దరికీ కుదరకపోతే, ఆ తర్వాత పది రోజుల్లో క్లబ్బు పాత కాంట్రాక్టునే 'అవే షరతులతో' ఇంకో ఏడాదికి పొడిగించుకోవచ్చు, జీతం మాత్రం క్లబ్బే వేస్తుంది. ఎంత తక్కువైనా వేయొచ్చు. 1947 నుంచి దీనికో అడ్డు పెట్టారు, ఒక్కసారిగా 25 శాతానికి మించి కోయకూడదని. 1960ల చివర అది 20 శాతమైంది. కోత ఎంత ఉండొచ్చన్న చర్చ కాంట్రాక్టులోనే ఉందంటే ఆ బేరం ఏ దిక్కున మొదలయ్యేదో ఊహించుకోండి.

'అవే షరతులతో' అన్నారు కదా. ఆ షరతుల్లో ఈ పొడిగింపు షరతు కూడా ఒకటని యజమానుల వాదన. అంటే ఒక ఏడాది పొడిగింపు లోపల ఇంకో ఏడాది పొడిగింపు, దాని లోపల మరొకటి, అంతు లేదు. ఈ చదవడం సరైనదేనా అని ఎవరూ గట్టిగా తేల్చకుండానే ఎనభై, తొంభై ఏళ్లు గడిచిపోయాయి.

ఇదంతా ఒకవైపు కట్టే. రెండోవైపు పది రోజుల క్లాజు ఉండేది. ఆటగాడు జీవితాంతం క్లబ్బుకే కట్టుబడాలి, క్లబ్బు మాత్రం పది రోజుల నోటీసుతో అతన్ని తీసేయొచ్చు. చికాగో వైట్ సాక్స్ ఆటగాడు జో జాక్సన్ దీనికే బలి. అతనికి చదువు రాదు, కాగితాలన్నీ భార్య కేటీ చదివి చెప్పేది. 1920 మొదట్లో క్లబ్బు సెక్రటరీ హ్యారీ గ్రాబినర్ అతని ఊరికే వెళ్లి, ఏడాదికి 8,000 చొప్పున మూడేళ్ల కాంట్రాక్టు చేతిలో పెట్టి, పది రోజుల క్లాజు తీసేశామని చెప్పి, కేటీ చూడకుండానే సంతకం చేయించుకున్నాడని జాక్సన్ వాదన. క్లాజు లోపలే ఉంది. దాంతోనే క్లబ్బు తర్వాత అతన్ని తీసేసింది. ఆ జీతం బాకీ కోసం జాక్సన్ 1924లో మిల్వాకీ కోర్టుకెక్కాడు.

కవరు వచ్చేది జనవరి, ఫిబ్రవరుల్లో. ఆ నెలలకి ఒక అర్థం ఉంది. పాత రోజుల్లో జీతం సీజన్ నడిచే ఆరు నెలలే, పదిహేను రోజులకోసారి. అక్టోబరులో ఆగిపోయేది, మళ్లీ ఏప్రిల్‌లోనే. మార్చిలో స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు జరిగే క్యాంపు)కి తిండి, బస క్లబ్బువే గానీ జీతం లేదు. 1946లో రాబర్ట్ మర్ఫీ అనే లాయరు యూనియన్ పెట్టబోతే, పిట్స్‌బర్గ్ ఆటగాళ్ల సమ్మె ఓటు కొద్దిలో వీగిపోయి అతను ఓడిపోయాడు కానీ, ఆ భయంతో యజమానులు వారానికి 25 డాలర్ల చిల్లర ఖర్చులు, 5,000 డాలర్ల కనీస జీతం, పెన్షన్, పైన చెప్పిన 25 శాతం అడ్డు ఇచ్చారు. ఆ 25 డాలర్లని ఆటగాళ్లు చాలా ఏళ్లు 'మర్ఫీ మనీ' అనే పిలిచారు. చలికాలమంతా బట్టల కొట్లోనో, ఇన్సూరెన్స్ అమ్ముకుంటూనో గడిపినవాడు ఫిబ్రవరిలో కవరు విప్పేసరికి చేతిలో ఎంత మిగులుతుంది? క్లబ్బు తరఫున బేరమాడే జనరల్ మేనేజర్‌కి ఆ సంగతి ఆటగాడికన్నా బాగా తెలుసు.

ఇక గది. ఆటగాడు ఒక్కడే వెళ్లాలి. ఏజెంటుతో మాట్లాడం అనేది క్లబ్బుల రివాజు. లోపల కూర్చున్నాయనకి జట్టులో అందరి జీతాలూ తెలుసు, పక్క జట్లవీ చాలావరకు తెలుసు. వచ్చినవాడికి తనదొక్కటే తెలుసు, ఎందుకంటే జీతం సంగతి తోటివాళ్లతో మాట్లాడకూడదని అతనికి ముందే చెప్పి ఉంచారు. నా లెక్కలో రిజర్వ్ క్లాజు తర్వాత ఆటగాణ్ణి దెబ్బతీసింది ఈ గోప్యతే. మిగతా ఎత్తులన్నీ ఈ రెండు గోడల మధ్య ఆడిన ఆటలే. ఈ రెండూ లేకపోతే వాటిలో ఏదీ ఒక పూట కూడా నిలవదు.

అన్నిటికన్నా తేలికైన ఎత్తు జట్టు స్థానం. 1952లో రాల్ఫ్ కైనర్ పిట్స్‌బర్గ్ తరఫున 37 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, నేషనల్ లీగ్‌లో మొదటి స్థానం పంచుకున్నాడు. జట్టు 42 గెలిచి 112 ఓడింది. క్లబ్బు జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ అతని జీతం 90,000 నుంచి 75,000కి దించాడు. నువ్వున్నా ఆఖరి స్థానమే, లేకపోయినా ఆఖరి స్థానమే అన్నది రికీ జవాబు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ ఏడు ఆ జట్టు ఆట చూడటానికి జనం వచ్చిందే కైనర్ బ్యాట్ కోసం. టికెట్ల లెక్క రికీ దగ్గర ఉంది, కైనర్ దగ్గర లేదు. మరుసటి జూన్‌లో అతన్ని చికాగో కబ్స్ జట్టుకి పంపేశారు.

జట్టు గెలిస్తే? అప్పుడు వాదన తిరగబడుతుంది. న్యూయార్క్ యాంకీస్ జనరల్ మేనేజర్ జార్జ్ వైస్, జీతం పెంచమన్నవాడికి వరల్డ్ సిరీస్ వాటా గుర్తుచేసేవాడు. ఎలాగూ అక్టోబరులో ఆ డబ్బు వస్తుంది కదా, రెండూ కలిపి చూసుకో అని. 1950ల మధ్యలో గెలిచిన జట్టులో మనిషికి ఎనిమిది వేల డాలర్ల పైచిలుకు వచ్చేది, కనీస జీతంకన్నా ఎక్కువ. అందుకే ఆ మాట పనిచేసేది. కానీ ఆ డబ్బు యాంకీస్ జేబులోది కాదు, సిరీస్ టికెట్ల నుంచి ఆటగాళ్ల నిధికి వెళ్లే వాటా. పైగా గెలిస్తేనే.

మికీ మాంటిల్ కథ ఇంకా విడ్డూరం. 1956లో .353 సగటు (అంటే బ్యాట్ పట్టిన వెయ్యి సార్లకి 353 హిట్లు), 52 హోమ్ రన్లు, 130 పరుగులు కొట్టించి, మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడై ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. అప్పటి జీతం 32,500. రెట్టింపు అడిగితే వైస్ మొండికేశాడు. మాంటిల్ రాత్రి తిరుగుళ్ల మీద డిటెక్టివులు ఇచ్చిన రిపోర్టులు బయటికి తీసి, ఇవి మీ ఆవిడ చూస్తే బాగుండదేమో అన్నాడని మాంటిలే తర్వాత చెప్పాడు. చివరికి యజమాని కలగజేసుకుంటే 60,000 దగ్గర తెగింది. 1957లో అతని సగటు ఇంకా పెరిగి .365 అయింది, ఆ ఏడూ అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనిదే. వైస్ మళ్లీ కోత పెడదామన్నాడు. ఈసారి ట్రిపుల్ క్రౌన్ రాలేదు కదా అని! ఫిలడెల్ఫియాలో జిమ్మీ ఫాక్స్ 1933లో ట్రిపుల్ క్రౌన్ సాధించాక కూడా జట్టు నడిపే కోనీ మ్యాక్ కోతే ప్రతిపాదించాడు, మాంద్యం రోజులు, టికెట్లు తెగట్లేదని.

డాడ్జర్స్ జనరల్ మేనేజర్ బజ్జీ బవాసీ వీళ్లందరిలో చమత్కారి. అతని ఎత్తుల్లో ఒకటి దొంగ కాంట్రాక్టు. ఒక ఆటగాడు వస్తున్నాడంటే, అతనితో సరితూగే ఇంకో ఆటగాడి పేరుతో తక్కువ జీతం వేసిన ఉత్తుత్తి కాంట్రాక్టు ఒకటి బల్ల మీద కనపడేలా పెట్టి, ఏదో పని ఉన్నట్టు గది బయటికెళ్లేవాడు. లోపలున్నవాడు మెడ చాచి చూస్తాడు. వాడే అంత తీసుకుంటే నేనింత అడగడం బాగోదనుకుని దిగొస్తాడు. ఇది ఆటగాళ్ల ఆరోపణ కాదు, బవాసీయే 1967లో పత్రికలో గర్వంగా రాసుకున్నాడు. చదివిన ఆటగాళ్లకి ఎలా ఉండి ఉంటుందో! జీతాలు దాచడంలో ఎవరికి లాభమో యూనియన్ వందసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క వ్యాసంతో ఎక్కి ఉంటుంది.

ఇన్ని ఎత్తులకీ ఆటగాడి దగ్గర ఉన్న విరుగుడు ఒక్కటే, సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చోవడం. దాన్ని హోల్డౌట్ అనేవారు. పేపర్లకి పండగ, ఆటగాడికి కాదు. మన మిర్చి యార్డులో రేటు నచ్చకపోతే రైతు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ధర వచ్చేదాకా ఆగుతాడు. భుజానికి కోల్డ్ స్టోరేజీ లేదు. క్యాంపులో మిగతావాళ్లు నెలన్నరపాటు ఒళ్లు వంచుతుంటే ఇతను ఇంటి వెనక పెరట్లో గోడకి బంతి కొట్టుకుంటాడు. సీజన్ మొదలయ్యాక ఆడని ప్రతి రోజుకీ జీతం పోతుంది, పోయింది మళ్లీ రాదు. ముప్ఫై రెండేళ్లవాడికి ఒక సీజన్ పోవడమంటే మిగిలిన ఆట బతుకులో ఐదో వంతో ఆరో వంతో పోయినట్టే. ఇంకో జట్టుకెళ్దామంటే రిజర్వ్ క్లాజు.

1938లో జో డిమాజియో అనుభవం చూడండి. ముందటేడు .346 సగటు, 46 హోమ్ రన్లు, జీతం 15,000. ఇప్పుడు 40,000 అడిగాడు. యాంకీస్ యజమాని జేకబ్ రూపర్ట్ 25,000 అన్నాడు, ఇక కదల్లేదు. పదమూడేళ్లుగా ఆడుతున్న లూ గెహ్రిగ్‌కే దాదాపు నువ్వడిగినంత ఇస్తున్నామని క్లబ్బు వ్యవహారాలు చూసే ఎడ్ బారో అంటే, అయితే గెహ్రిగ్‌కి చాలా తక్కువిస్తున్నారని డిమాజియో అన్నాడని చెప్పుకుంటారు. మాట బాగుంది, డబ్బు రాలేదు. డిమాజియో శాన్‌ఫ్రాన్సిస్కోలో తన హోటల్లో కూర్చుని చూశాడు. సీజన్ మొదలైంది, రూపర్ట్ కదల్లేదు. ఏప్రిల్ 20న దిగొచ్చి 25,000కే ఒప్పుకున్నాడు. అక్కడితో అయిపోలేదు. ఒళ్లు ఆటకి సిద్ధమయ్యేదాకా రోజుకి 148 డాలర్ల చొప్పున జీతంలో కోశారు. మైదానంలోకి వస్తే సొంత ప్రేక్షకులే ఎగతాళి చేశారు. మాంద్యంలో పని లేక తిరుగుతున్నవాడికి 25,000 చాలదన్నవాడి మీద జాలెందుకు కలుగుతుంది? క్లబ్బులు ఆటగాడు అడిగిన అంకెని పేపర్లకి వెంటనే చేరేసేది ఇందుకే. టికెట్ల మీద వచ్చిన రాబడి అంకె మాత్రం పేపర్లో వచ్చేది కాదు.

బేబ్ రూత్‌కి కూడా ఇదే గతి. 1930, 31ల్లో 80,000 తీసుకున్న మనిషి, 1932లో 75,000, 1933లో 52,000, 1934లో 35,000కి జారాడు. వయసు మీద పడిందన్నది నిజమే. కానీ 1932లో కూడా అతను 41 హోమ్ రన్లు కొట్టాడు.

హోల్డౌట్‌లో నిలబడగలిగింది సొంత ఆస్తి ఉన్నవాళ్లే. ఎడ్ రౌష్ 1930 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు, న్యూయార్క్ జయంట్స్ కోత ఒప్పుకోక. ఇండియానాలో ఇల్లూ పొలమూ ఉన్నాయి, స్ప్రింగ్ ట్రైనింగ్ అంటే ముందునుంచీ చిరాకు, వెళ్లకపోతే పోయేదేముందనుకున్నాడు. అంతకుముందు 1915లో ఫ్రాంక్ బేకర్ కూడా ఏడాదంతా మానేసి ఊరి జట్టుకి ఆడుకున్నాడు. వీళ్లు గెలిచారని చెప్పలేం, ఓడలేదంతే. డిజ్జీ డీన్ అయితే ఎదురు తిరిగి నష్టపోయిన రకం. 1934 ఆగస్టులో, తమ్ముడు పాల్‌తో కలిసి డెట్రాయిట్‌లో ఎగ్జిబిషన్ మ్యాచ్‌కి వెళ్లనందుకు క్లబ్బు జరిమానా వేసింది. కోపంతో యూనిఫాం చింపాడు. ఫోటోగ్రాఫర్లు పట్టుకోలేకపోయామంటే వాళ్లకోసం ఇంకోటి చింపాడు. జరిమానాతో పాటు ఆ రెండు యూనిఫాంల ధర 36 డాలర్లు కూడా కట్టించుకున్నారు. ఆ ఏడు 30 మ్యాచ్‌లు గెలిచిన ఆ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) జీతం 7,500.

ఇంకో కొనేవాడుంటే ఈ ఎత్తులేవీ నిలవవన్న నా మాటకి అన్నిటికన్నా గట్టి రుజువు ట్రిస్ స్పీకర్. 1914లో ఫెడరల్ లీగ్ అనే మూడో లీగ్ పుట్టింది, వాళ్లు రిజర్వ్ క్లాజుని ఖాతరు చేయలేదు. వెంటనే బోస్టన్ రెడ్ సాక్స్ స్పీకర్ జీతాన్ని దాదాపు 18,000కి పెంచింది. టై కాబ్‌ది 20,000కి చేరింది. 1915 డిసెంబరులో ఫెడరల్ లీగ్ మూతపడింది. 1916 మొదట్లోనే బోస్టన్ యజమాని జోసెఫ్ లానిన్, స్పీకర్‌ని 9,000కి రమ్మన్నాడు. కారణం అడిగితే వరసగా రెండేళ్లు సగటు పడిపోయిందట, .363 నుంచి .338, ఆపైన .322. అంకెలు అబద్ధం కాదు. కానీ ఆ పడిపోయిన సగటుతోనే ముందటేడు 18,000 ఇచ్చారు. మారింది అతని బ్యాటింగ్ కాదు, ఇంకొక కొనేవాడు కనబడకపోవడం. స్పీకర్ ఒప్పుకోకపోతే క్లీవ్‌లాండ్‌కి అమ్మేశారు. అతను గడుసువాడు, తనని అమ్మిన డబ్బులో 10,000 తనకిస్తేనే వెళ్తానని పట్టుబట్టి ఇప్పించుకున్నాడు. ఆ ఏడు .386 కొట్టి లీగ్ బ్యాటింగ్ కిరీటం కాబ్ దగ్గర్నుంచి లాక్కున్నాడు.

ఫెడరల్ లీగ్ గొడవే కోర్టుకెక్కితే 1922లో సుప్రీంకోర్టు, బేస్‌బాల్‌కి గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని తేల్చేసింది. 1953లో అదే మాట, 1972లో కర్ట్ ఫ్లడ్ కేసులో 5-3 తేడాతో మళ్లీ అదే మాట. ఫ్లడ్ 90,000 జీతగాడు. నన్ను అడక్కుండా ఫిలడెల్ఫియాకి ఎలా మారుస్తారని సీజనే వదులుకుని పోరాడాడు. అతని కేసు మీద పుస్తకాలకి పుస్తకాలున్నాయి, ఇక్కడ ఇంతకన్నా చెప్పను. జీతాల బేరాన్ని మార్చింది కోర్టులు కావు.

బేరం మొదటిసారి కుదుపు తిన్నది 1966 మార్చిలో. డాడ్జర్స్ పిచర్ శాండీ కోఫాక్స్ ముందు సీజన్లో 26 మ్యాచ్‌లు గెలిచి 8 ఓడాడు, 382 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అదే జట్టు పిచర్ డాన్ డ్రైస్‌డేల్ 23 గెలిచాడు. ఇద్దరి జీతాలూ 85,000, 80,000 చొప్పున. ఓ రాత్రి భోజనాల దగ్గర మాటల్లో బయటపడింది: నువ్వింత అడుగుతున్నావు, కోఫాక్స్ అయితే అంతే అడిగాడు అని డ్రైస్‌డేల్‌తో, అదే మాట పేరు మార్చి కోఫాక్స్‌తో అన్నాడు బవాసీ. మీ ఇద్దర్నీ ఒకరిమీద ఒకర్ని ఆడిస్తుంటే ఇద్దరూ కలిసే వెళ్లొచ్చుగా అంది డ్రైస్‌డేల్ భార్య జింజర్. ఎనభై ఏళ్ల జీతాల చరిత్రలో నాకు కనిపించినంతలో అంతకన్నా పనికొచ్చిన సలహా లేదు.

ఇద్దరూ కలిసి మూడేళ్లకి పది లక్షల డాలర్లు అడిగారు, చెరిసగం. మనిషికి ఏడాదికి 1,66,667. ఒకరికి కుదరకపోతే ఇంకొకరు కూడా సంతకం పెట్టరు. మాట్లాడేది లాయర్ విలియం హేస్. బవాసీ హేస్‌తో మాట్లాడనన్నాడు. వీళ్లు సినిమాలో వేషాలు ఒప్పుకున్నారు, జపాన్ పర్యటన మాటలు నడిచాయి. అంటే తిండికి లోటు లేదని క్లబ్బుకి తెలిసింది. హేస్ ఇంకో పాత సంగతి తవ్వాడు. 1944లో ఓలివియా డి హావిలాండ్ అనే నటి ఫిల్మ్ స్టూడియో మీద గెలిచిన కేసు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మనిషిని ఏడేళ్లకి మించి సేవా ఒప్పందంలో కట్టిపడేయలేరు. మరి డాడ్జర్స్ ఉన్నది కాలిఫోర్నియాలోనే. ముప్ఫై రెండు రోజులకి, సీజన్‌కి ముందు, తెగింది. కోఫాక్స్‌కి 1,25,000, డ్రైస్‌డేల్‌కి 1,10,000. మూడేళ్లు కాదు, ఒక్క ఏడాదికే. అడిగినదానికి చాలా తక్కువే గానీ, ఒంటరిగా వెళ్లినవాడు కలలో కూడా అనుకోని పెంపు.

ఆ వసంతంలోనే స్టీలు కార్మికుల యూనియన్‌లో పనిచేసిన మార్విన్ మిల్లర్ ఆటగాళ్ల సంఘానికి వచ్చాడు. అతను మొదట్లో చేసిన పనుల్లో ఒకటి, ఎవరెంత తీసుకుంటున్నారో ఆటగాళ్లనే అడిగి రాసుకోవడం. 1967లో సగటు 19,000. ఉపన్యాసాలకన్నా ఈ జాబితా ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. బల్ల మీద దొంగ కాంట్రాక్టు పెట్టే రోజులు దీంతో పోయాయి. 1968లో తొలి ఒప్పందం కనీస జీతాన్ని 6,000 నుంచి 10,000 చేసింది. ఆ తర్వాతి ఒప్పందంలో తగాదాలు తేల్చడానికి బయటి మధ్యవర్తి వచ్చాడు.

1974లో జీతాల మీద మధ్యవర్తిత్వం మొదలైంది. దీని పనితనం చూడాలి. ఆటగాడు ఒక అంకె, క్లబ్బు ఒక అంకె ఇస్తారు. మధ్యవర్తి రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి, మధ్యలోది ఇవ్వకూడదు. పేరాశకి పోయి ఎక్కువ రాస్తే క్లబ్బు అంకె నెగ్గుతుంది, పిసినారితనంగా తక్కువ రాస్తే ఆటగాడిది నెగ్గుతుంది. అందుకని ఇద్దరూ మధ్యకి జరుగుతారు, చాలా కేసులు విచారణకి ముందే తెగుతాయి. ఏం చూడాలో, ఏం చూడకూడదో రాసిపెట్టారు. ఆటగాడి ప్రతిభ, నిలకడ, పాత జీతం, అతనిలాంటి వాళ్ల జీతాలు, జట్టు ఫలితాలు చూడొచ్చు. క్లబ్బు ఆర్థిక స్థితి, పేపర్లో వచ్చిన రాతలు, ముందు బేరంలో ఎవరెంత అన్నారన్నది చూడకూడదు. గదిలో నడిచిన ఎత్తుల్లో సగం ఆ నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. మొట్టమొదటి కేసు మిన్నెసోటా పిచర్ డిక్ వుడ్సన్‌ది, క్లబ్బు 23,000, తను 29,000. అతనే గెలిచాడు. ఆ ఏడు 29 విచారణల్లో ఆటగాళ్లు 13, క్లబ్బులు 16 గెలిచాయి. ఓడిన పదహారుగురిలో కూడా పెంపు వచ్చినవాళ్లున్నారు, ఎందుకంటే ఓడతామన్న భయంతో క్లబ్బులే అంకె పెంచి రాశాయి.

మిగిలింది 10(ఎ). డాడ్జర్స్ పిచర్ ఆండీ మెసర్‌స్మిత్ నన్ను నా అనుమతి లేకుండా ఇంకో జట్టుకి మార్చకూడదని రాయమన్నాడు. క్లబ్బు రాయనంది. అతను సంతకం పెట్టకుండానే 1975 సీజన్ ఆడేశాడు, పొడిగించిన జీతం మీద. మాంట్రియాల్‌లో డేవ్ మెక్‌నాలీ కూడా సంతకం పెట్టకుండానే సీజన్ మధ్యలో ఇంటికెళ్లాడు. మెసర్‌స్మిత్ చివర్లో డబ్బుకి లొంగితే కేసు నిలవాలని సంఘం మెక్‌నాలీ పేరూ చేర్చింది. 1975 డిసెంబరు 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పు: ఒక ఏడాది పొడిగింపు అంటే ఒక్క ఏడాదే. యజమానులు ఆయన్ని వెంటనే పనిలోంచి తీసేసి ఫెడరల్ కోర్టుకెళ్లారు, ఓడారు.

ఇప్పుడు యజమానులకి ఒక తెలివైన దారి ఉండింది. ఓక్లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ చెప్పాడు, అందర్నీ ఏటా వదిలేయండి అని. మళ్లీ యార్డు లెక్కే, ఒకేరోజు టిక్కీలన్నీ దిగితే ధర పడిపోతుంది. మిల్లర్‌కి నిద్ర పట్టకుండా చేసిన భయం కూడా అదే. మిగతా యజమానులు ఫిన్లీని లెక్కచేయలేదు, ఆటగాళ్లని వీలైనంత కాలం పట్టి ఉంచాలన్న పాత అలవాటుతో ఆరేళ్ల సర్వీసు నిండాకే స్వేచ్ఛ అన్నారు. మిల్లర్ సంతోషంగా ఒప్పుకున్నాడు. ప్రతి ఏడూ కొద్దిమందే మార్కెట్‌కి వస్తారు, వాళ్లకి వచ్చిన ధర చూపించి మిగతావాళ్లు మధ్యవర్తి దగ్గర అడుగుతారు. సగటు జీతం 1976లో 51,501, మరుసటేడు 76,066.

ఆ 1976 ఒప్పందంలో యజమానులు పట్టుబట్టి ఒక వాక్యం పెట్టించారు. కోఫాక్స్, డ్రైస్‌డేల్ లాంటి ఉమ్మడి బేరం మళ్లీ జరక్కూడదని, ఆటగాళ్లు ఇంకో ఆటగాడితో కలిసి బేరమాడకూడదని. సరే, అయితే క్లబ్బులు కూడా ఇంకో క్లబ్బుతో కలిసి నడవకూడదని రాయండి అంది సంఘం. రాశారు. 1985 నుంచి మూడు చలికాలాలు యజమానులు లోపాయికారీగా ఒకరి ఆటగాళ్లని ఒకరు పిలవడం మానేశారు, అచ్చం 1879లోలాగే. 1987లో ఆండ్రే డాసన్‌కి ఎక్కడా సరైన పిలుపు రాక, తనే సంతకం పెట్టిన కాంట్రాక్టుని జీతం అంకె ఖాళీగా ఉంచి చికాగో కబ్స్‌కి ఇచ్చాడు. వాళ్లు 5,00,000 రాసుకున్నారు. అతను 49 హోమ్ రన్లు కొట్టి, డివిజన్‌లో ఆఖరున నిలిచిన జట్టు నుంచే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సంఘం ఆ వాక్యాన్ని పట్టుకుని మధ్యవర్తుల దగ్గరికెళ్తే, 1990లో యజమానులు 28 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు.